దగ్గు వినిపించని అర్ర

బోధన్, రాకాసిపేట
1999 ఆగస్టు 21

చిరంజీవి లింబయ్యకు,

బోధన్ నుంచి మీ అన్న రాజనర్సు దీవెనలు. అవ్వ, నీ భార్య రేణుక, నీ బిడ్డ శకుంతల, నేను ఆరోగ్యంగా ఉన్నాము. మస్కట్ ఎండలో నీవు వేళకు తింటూ, వేళకు పడుకుంటూ ఉన్నావని నమ్ముతున్నాను.

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివి, నీవు అడిగిన వాటిని ఒక కాగితం మీద వరుసగా రాసుకున్నాను. నా అలవాటు నీకు తెలియనిది కాదు. సీజనుకు సీజను చెరుకు కాంటా దగ్గర బండ్ల వరుస రాసి రాసి, ఇంట్లో ఉప్పు పప్పులకు కూడా వరుస రాయనిదే నాకు తోచదు.

నీవు అన్నిటికంటే ముందు అడిగింది దగ్గు ఆపే విద్య గురించి. గదిలో వాళ్లు నీ దగ్గుకు నిద్ర పట్టడం లేదని మేస్త్రీకి చెప్పారని, ఇంకా ఇట్లాగే ఉంటే కంపెనీ ఆస్పత్రికి పంపుతానని అతను బెదిరించాడని, ఆస్పత్రికి పోయినవాళ్లను తిరిగి పనిలోకి రానివ్వక విమానం ఎక్కిస్తున్నారని రాశావు. ‘వదినె పట్నంలో నేర్చుకున్న కసరత్తు మొత్తం రాసి పంపు. నేను చూసినంత మట్టుకు చేస్తున్న, సగమే ఆగుతున్నది. కాంట్రాక్టు అయ్యేదాకా ఎట్లనన్న గొంతు పట్టుకొని ఎల్లదీస్త’ అన్నావు. నీ బతుకుదెరువు ఆ దగ్గు మీద ఆధారపడి ఉన్నదని నాకు అర్థమైంది. దానికి జవాబు ఈ ఉత్తరంలోనే ఉంది. కాని వరుస మార్చి దానిని ఆఖరున పెడుతున్నాను. పుటలు దాటవేయకుండా చదువు.

వానలకు ముందే వెనుక వైపు రేకులు మార్పించాను. పాతవాటిలో రెండు బాగున్నవి ఉంటే కట్టెల మీద కప్పించాను. శకుంతల అయిదో తరగతికి వచ్చింది. ఎక్కాలు తప్పకుండా చెబుతుంది కాని దస్తూరి బాగాలేదు. రోజూ నా దగ్గర కూర్చోబెట్టి ఒక పుట రాయిస్తున్నాను. ఎడపల్లి వైపు చెరుకు ఏపుగా ఉంది, చందూరు దిక్కు వరినాట్లు ఆలస్యమైనాయి. చక్కెర ఫ్యాక్టరీ ఈసారి ఎప్పుడు మొదలుపెడతారో ఇంకా తెలియదు. అందాక నేను ఒక కిరాణా దుకాణంలో చిట్టాలు రాస్తున్నాను.

ఇక మీ వదిన సంగతి. పోయిన రెండు ఉత్తరాలలో ఆమె మాట ఒక్కటి కూడా లేదేమని అడిగావు. ఈ ప్రశ్నకు, నీ మొదటి ప్రశ్నకు జవాబు ఒక్కటే కాబట్టి, ఆ విద్య మన ఇంటికి ఎట్లా వచ్చిందో అక్కడి నుంచి మొదలుపెడతాను. నీవు అప్పటికి గల్ఫుకు పోయి ఏడాది కాలేదు. నీకు తెలిసింది కొంతే.

గంగుబాయికి ఆ పొడి దగ్గు మూడేళ్లు ఉండింది. తెమడ లేదు, జ్వరం లేదు. మాటకు ముందు దగ్గు, మాటకు వెనుక దగ్గు. నలుగురు ఆడవాళ్లు మన ముందరి అర్రలో కూర్చుని బీడీలు చుట్టేటప్పుడు ఆమె దగ్గితే చాటలోని తంబాకు లేచి పక్కవాళ్ల కండ్లలో పడేది. ముత్తవ్వ నోరు నీకు తెలిసిందే.

“ఏందే గంగుబాయి, నువ్వొక్కసారి దగ్గితె నా కట్టకు సరిపొయ్యే తంబాకు ఎగిరిపోతది. జెర దర్వాజ కాడికి జరుగు.”

“జరిగిన గదనే.”

“ఇంక జెర జరుగు. బజార్ల కూసో, నీ దగ్గుకు బస్సులన్న ఆగుతయి.”

అందరూ నవ్వేవారు, ఆమె కూడా నవ్వేది. కాని దర్వాజ దగ్గర, చెప్పులు విడిచే చోట, తన చాట తాను పెట్టుకుని విడిగా కూర్చునేది. కొన్నాళ్లకు వాళ్లు ఆమెతో మాట్లాడటం మరిచారు. అది కోపం కాదు. అంత దూరం నుంచి ఎవరు గట్టిగా మాట్లాడతారు? పిల్లలు లేని ఇంట్లో ఆమెకు పొద్దు గడిచేది ఆ నలుగురి నడుమనే. తన ఇంట్లోనే తాను బయటిదైపోయినట్టు అప్పుడు ఆమె ముఖం మారిపోయింది.

నిజామాబాదులో ఛాతీ డాక్టరు ఎక్స్‌రే తీయించాడు, తెమడ పరీక్ష చేయించాడు, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్నాడు. సీసాల కొద్దీ మందు తాగింది, తగ్గలేదు. చివరికి ఆయనే హైదరాబాదులో మాట రానివాళ్లకు మాట నేర్పే ఒక మేడమ్ పేరు రాసిచ్చాడు. దగ్గుకు మాటలు నేర్పే మనిషి ఏమిటని నాకు అనుమానం కలిగింది. అయినా పోయాము.

ఆమె మందు ఇవ్వలేదు. “మీ ఊపిరితిత్తుల్లో జబ్బు లేదమ్మా. మీ గొంతు ఒక చెడ్డ అలవాటు నేర్చుకుంది. పొగాకు దుమ్ము కొంచెం తగిలినా ఉలిక్కిపడుతోంది. దగ్గిన కొద్దీ ఇంకా గీరుకుని, ఇంకో దగ్గును పిలుస్తోంది. ఆ అలవాటును మనం మాన్పించాలి” అన్నది.

గంగుబాయి నమ్మలేదు. “దగ్గును ఆపొస్తదా మేడం? గట్లయితె మా అత్త నోరు ఆపే కసరతు గూడ ఉంటె చెప్పుండ్రి, రెండు ఒక్కసారె నేర్సుకొనిపోత” అన్నది. మేడమ్ పగలబడి నవ్వింది.

గొంతులో దురద మొదలైన ఆ మొదటి క్షణాన్ని పట్టుకోవడం, నోరు మూసి ఉమ్మి మింగడం, ముక్కుతో గాలి పీల్చి పెదవుల మధ్య నుంచి మెల్లగా వదలడం, భుజాలు వదులు చేయడం, గుక్కెడు నీళ్లు తాగడం, పని చేసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవడం. ఇట్లాంటివి కొన్ని నేర్పింది. దగ్గు లేనప్పుడు కూడా రోజూ అభ్యాసం చేయమన్నది. ఒక్కదానివే చేస్తే మానేస్తావని, ఇద్దరమూ ఎదురుబొదురుగా కూర్చుని చేసేవాళ్లం. అవ్వ కోడలి దిక్కు చూసి, “పట్నం పొయ్యి, పైసలు పోసి, ఉమ్మి మింగుడు నేర్సుకొచ్చిండ్రు మొగుడు పెండ్లాలు” అని వాకిట్లోకి వినపడేటట్టు అనేది.

రెండు నెలల్లో దగ్గు సగమైంది. దసరా నాటికి లేదు. అవ్వ నోరు మూతపడింది.

ఆఖరుసారి పోయినప్పుడు మేడమ్ రెండు మాటలు చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. “ఇది కారణం లేని పొడి దగ్గుకు మాత్రమే. జ్వరంతోనో, తెమడతోనో, మనిషి చిక్కిపోతూనో దగ్గు వస్తే అది వేరే దగ్గు. దాన్ని ఆపకండి. అది చెప్పేది డాక్టరును విననివ్వండి.” ఇది మొదటి మాట. గంగుబాయి తల ఊపింది. రెండవది నాతో చెప్పింది. “బాగైన వాళ్లు మళ్లీ మొహం చూపించరు. ఈ ఫలితం ఏడాది నిలుస్తుందో, అయిదేళ్లు నిలుస్తుందో నాకు తెలియడం లేదు. మీరు పద్ధతిగల మనిషిలా ఉన్నారు. ఏడాదికోసారి ఒక కార్డు రాయండి.”

ప్రతి ఉగాదికి రాశాను. తంబాకు రకం మారినప్పుడు, చలిగాలికి, ఒకటి రెండుసార్లు దగ్గు తిరగబెట్టింది. మళ్లీ ఎదురుబొదురుగా కూర్చుని అభ్యాసం చేస్తే వారం పది రోజుల్లో అణిగింది. మిగిలిన ఏళ్లన్నీ ఒకటే వాక్యం: దగ్గు లేదు, మనిషి సంతోషంగా ఉంది.

సంతోషంగానే ఉండింది. దర్వాజ దగ్గరి నుంచి ఆమె చాట మళ్లీ అర్ర నడుమకు వచ్చింది. తను నేర్చుకున్నది తనతో చుట్టే ముత్తవ్వకు, రాధాబాయికి, రేణుకకు నేర్పింది. తంబాకు దుమ్ముకు వాళ్ల గొంతులు కూడా గీరుకునేవే కదా. ముత్తవ్వ దాన్ని ఆట చేసింది. “ఇగ ఈ అర్రల దగ్గినోళ్లు లేసి అందరికి చాయ్ పెట్టాలె. గిదే కానూన్. అత్తకైనా మాఫీ లేదు.” మొదట్లో రోజుకు నాలుగైదు చాయ్‌లు అయ్యేవి. తరువాత తరువాత చాయ్ దొరకడమే కష్టమైంది. రాకాసిపేటలో నలుగురు కూర్చుని బీడీలు చుట్టే ఏ ఇంటి ముందు నిలబడ్డా దగ్గు వినిపిస్తుంది. మన అర్రలో మాత్రం తునికాకు కత్తిరించే కత్తెర చప్పుడు, వాళ్ల ముచ్చట్లు తప్ప మరేమీ వినిపించేది కాదు. కాంటా దగ్గరి వాళ్లను ఇంటికి పిలిచి, “వినండి, ఏమైనా వినిపిస్తున్నదా?” అని నేను గర్వంగా అడిగిన రోజులున్నాయి.

పోయిన చలికాలం నీవు సెలవు మీద వచ్చి ఆ అర్ర గడప మీదనే రెండు నెలలు కూర్చున్నావు. మీ వదిన గడియకోసారి లేచి చాయ్ పెట్టేది. నీవు అన్న మాట నాకు గుర్తుంది. “వదినె, నేను లేకనే నీకు ప్రేమ పెరిగింది. ఇన్ని చాయ్‌లు తాగితె ఇమానంల నన్ను కూసోనియ్యరు.” ఆమె, “తాగు తియ్, ఆడ నీకెవలు పెడ్తరు” అన్నది. చిక్కిపోయినవేమని నీవు అడిగితే, “ముసలితనం రాదా మరి” అన్నది. నేను కూడా పక్కనే ఉండి నవ్వాను.

ఏప్రిల్‌లో కిరసనాయిలు రాలేదు. మన పంపు స్టవ్వు వారం రోజులు మూలకు ఉండింది. ఆదివారం మధ్యాహ్నం నేను వాకిట్లో పాత సైకిలు గొలుసు విప్పి తుడుస్తున్నాను. ఆమె చాయ్ పెడతానని లేచి వెనుక కట్టెల పొయ్యి దగ్గరికి పోయింది. కట్టెల పొయ్యి చప్పుడు చేయదు. గోడ అవతల ఎవరో బస్తాను కర్రతో కొడుతున్నట్టు ధబ్ ధబ్‌మని వినిపించింది. పోయి చూస్తే, ఆమె పొయ్యి ముందు నేల మీదికి వంగి, కొంగు మొత్తం నోట్లో కుక్కుకుని ఉన్నది. కొంగు తీస్తే ఎరుపు.

“ఎన్ని దినాలాయె?” అన్నాను.

“మెల్లగ మాట్లాడు. వాళ్లు ఇంటరు.”

“ఎన్ని దినాలాయె అంటున్న.”

“బతుకమ్మ పండుగ నుంచి. ఎవ్వలికి చెప్పకు. ముత్తవ్వ మల్ల దర్వాజ కాడికి జరుపుతది.”

“ముత్తవ్వ సంగతి తరువాత. మేడం ఏం చెప్పిందో యాది లేదా?”

“యాది ఉన్నది. అన్ని యాది ఉన్నయి. నీకేం తెలుసు? నీ పని కాంట కాడ నిలవడుడు. నా పని గా నలుగురి నడుమ కూసునుడు. అది పోతె ఇంట్ల గోడలు చూసుకుంట కూసోవాల్నా?”

అప్పుడు అర్థమైంది, ఆ చాయ్‌లు ఎందుకో. పంపు స్టవ్వు మోతలో ఆమె దగ్గేది. మిగిలిన పొద్దంతా మేడమ్ నేర్పినట్టే నోరు మూసి, మింగి, ముక్కుతో పీల్చి, భుజాలు వదిలి కూర్చునేది. సాయంత్రం జ్వరం వస్తే నడుము నొప్పని తొందరగా పడుకునేది. పక్కన పడుకున్న నాకు ఒక్క దగ్గు వినిపించలేదు.

నిజామాబాదు ఆస్పత్రికి తీసుకుపోయాను. డాక్టరు ఎక్స్‌రేను వెలుగుకు పెట్టి చూశాడు. జబ్బు ఊపిరితిత్తులను రెండు వైపులా తిన్నదన్నాడు. “ఇంత ముదిరేదాకా దగ్గు ఉండాలె కదా. ఇంట్లో ఒక్కరికీ వినిపించలేదా?” అని అడిగాడు. పక్కనున్న అవ్వ ఠీవిగా చెప్పింది. “మా కోడలు దగ్గది సారూ. పట్నంల నేర్సుకున్నది.”

ఆ మాట నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. అవ్వ దానిని మరిచిపోలేక రోజూ ఒకసారి అంటుంది, “గా ముచ్చట నేనెందుకంటి” అని.

టీబీ అనేది ఎక్స్‌రే చెప్పింది. అయినా తెమడ కావాలన్నారు. నర్సమ్మ చిన్న డబ్బీ ఇచ్చి, గట్టిగా దగ్గి అందులో ఉమ్మమన్నది. తమ్మీ, ఆమెకు చేతకాలేదు. దగ్గు గొంతు దాకా వచ్చేది, నోరు దానంతట అదే మూసుకునేది, గుటక పడేది. డబ్బీ ఖాళీ. నర్సమ్మ విసుక్కున్నది. “మింగకమ్మా, ఉమ్ము. చిన్నపోరలు గూడ ఉమ్ముతరు.” గంగుబాయి తప్పు చేసిన బడిపిల్లలాగా నా దిక్కు చూసింది. ఎనిమిదేళ్లు గట్టిగా పట్టిన అలవాటు అది. వద్దనుకున్నా వదలలేదు.

నేను మంచం మీద ఆమె ఎదురుగా కూర్చున్నాను. వెనుకటికి ఇంట్లో కూర్చున్నట్టే. “నన్ను చూడు, నేను చేసినట్టు చెయ్” అని, పొట్ట దగ్గర చెయ్యి పెట్టుకుని, నోరు తెరిచి, వార్డంతా వినిపించేటట్టు దగ్గాను. పక్క మంచాల వాళ్లు తిరిగి చూశారు. మళ్లీ దగ్గాను. “దగ్గు గంగూ. ముత్తవ్వ లేదు ఈడ. దగ్గు.” ఆమెకు నవ్వు వచ్చింది. “నీకు రాదు. దగ్గుడు నీకు రానే రాదు. కుక్క మొరిగినట్టున్నది” అన్నది. ఆ నవ్వులో పట్టు తప్పి, దగ్గు వచ్చింది. వచ్చింది వచ్చినట్టు వచ్చింది. డబ్బీ నిండింది, దుప్పటి నిండింది, నా అంగీ నిండింది.

మందులు మొదలుపెట్టారు. ఈ జబ్బు మాత్రలతో తగ్గేదే, కాలం మించకుండా వస్తే. ఆమె కాలం మించి వచ్చింది. పైన ఆరోగ్యంగా ఉన్నామని రాసిన పేర్లలో మీ వదిన పేరు లేదు. నీవు గమనించే ఉంటావు. జూన్ నెల మొదటి వారంలో, తెల్లవారి నేను నీళ్లు తేవడానికి నల్లా దగ్గరికి పోయి వచ్చేలోపు, నోటి నుంచి రక్తం పోయి గంగుబాయి చనిపోయింది.

నీకు చెప్పలేదు. కంపెనీ సెలవు ఇవ్వదని, అక్కడ ఒక్కడివే ఏడుస్తావని, పని విడిచి పారిపోతే జైల్లో వేస్తారని అవ్వ ప్రమాణం చేయించింది. రేణుక చేత కూడా చేయించింది. ఎనిమిదేళ్ల వయసులో నీ ముక్కు తుడిచి బడికి పంపిన మనిషి ఆమె. ఆమె పాడె పట్టాల్సిన కొడుకువు నీవే. ఆ హక్కు నీకు లేకుండా చేశాము. నీవు కోపగించినా, మాట్లాడకపోయినా, అది న్యాయమే. నిప్పు నేనే పట్టాను. పదకొండవనాడు ఆమెకు నీ తరఫున కూడా ఒక పిండం పెట్టించాను.

కర్మలు అయిన తరువాత మేడమ్‌కు కార్డు రాశాను. ఈ ఏడు ఉగాదికి ఎప్పటిలాగే దగ్గు లేదని రాసి ఉన్నాను. దానిని దిద్దాలి కదా. ‘మీరు నేర్పిన విద్య ఎనిమిదేళ్లలో చెడిపోలేదు. ఆఖరి ఊపిరి వరకు చెడిపోలేదు. మాకు నష్టం అక్కడే జరిగింది’ అని రాసి, జరిగినదంతా మరో కాగితంలో పెట్టి పంపాను. పది రోజులకు జవాబు వచ్చింది. తన వల్ల జరిగిందని గాని, మా వల్ల జరిగిందని గాని ఆమె వాదించలేదు. ఎంతో దుఃఖంతో రాసింది. ఇకనుంచి బాగైన వాళ్లను కూడా ఏడాదికోసారి ఛాతీ చూపించుకోమని పట్టుబడతానన్నది. చివర ఇట్లా ఉంది: ‘దగ్గు ఆపడం నేర్పమని మిమ్మల్ని ఎవరైనా అడిగితే, ఆ దగ్గు ఎందుకు వస్తున్నదో డాక్టరు తేల్చాడా అని ముందు అడగండి. తేల్చకపోతే నేర్పకండి.’

ఆ అర్రలో కూర్చున్న అందరికీ పరీక్షలు చేయించాను. అవ్వకు, రేణుకకు, శకుంతలకు, రాధాబాయికి, నాకు ఏమీ లేదన్నారు. ముత్తవ్వకు ఉంది. తొందరగా దొరికింది కాబట్టి మాత్రలతో తేరుకుంటున్నది. ఆ మనిషి మన ఇంటి ముందు నుంచి పోతూ కావాలని పెద్దగా దగ్గుతుంది. “ఇగో దగ్గుతున్ననే గంగుబాయి, ఇన్నవా? కానూన్ పాడుగాను” అని అర్రలోకి చూసి అంటుంది. తరువాత గోడకు ఆనుకుని ఏడుస్తుంది. అర్రలో ఇప్పుడు ఎవరూ చుట్టడం లేదు.

అందరికీ పరీక్ష అయిందని అనుకున్నాను. నీ ఉత్తరం వచ్చిన తరువాత గుర్తుకు వచ్చింది, ఆ చలికాలమంతా ఆ గడప మీద కూర్చున్న మనిషి ఇంకొకడు ఉన్నాడని. నీ దగ్గు సిమెంటు దుమ్ముదని రాశావు. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడుతున్నదని, ప్యాంటు వదులైందని, వేరే చోట వేరే మాటల నడుమ రాశావు. నేను ఆ ముక్కలను ఏరి ఒక దగ్గర పెట్టుకున్నాను. అది మన అర్రలోని దగ్గే కావచ్చు, తమ్మీ. కాకపోవచ్చు కూడా. చూసి చెప్పవలసింది డాక్టరు.

అందుకే నీ మొదటి ప్రశ్నకు నా జవాబు: ఆ విద్య నేను రాసి పంపను. నీకు తెలిసిన సగాన్ని కూడా విడిచిపెట్టు.

నీవు వినవని నాకు తెలుసు. చదివి, ముక్కలు చేసి, కాంట్రాక్టు ముగిసేదాకా మింగుకుంటూనే ఉంటావు. మన ఇంటి మనుషులం నలుగురి నడుమ చోటు పోతుందంటే ప్రాణమైనా బిగపడతాము. కాబట్టి నీకు చెప్పకుండా ఒక పని చేశాను. అది చెప్పడానికే ఇంత దూరం వచ్చాను.

ఎడపల్లి భోజన్న, నీతోపాటు అదే కంపెనీలో పని చేసేవాడు, సెలవు ముగిసి రేపు బయలుదేరుతున్నాడు. ఈ ఉత్తరాన్ని టపాలో వేయకుండా అతని చేతికి ఇస్తున్నాను. అతనితోపాటు మీ కంపెనీ డాక్టరుకు ఇంగ్లీషులో మరో ఉత్తరం పంపుతున్నాను. నీ పేరు, నీ గది, మీ వదిన ఏ జబ్బుతో పోయింది, ఆమెతో నీవు ఎన్నాళ్లు ఉన్నావు, అన్నీ అందులో రాశాను. నిఘంటువు దగ్గర పెట్టుకుని రాసినది. తప్పులు ఉండవచ్చు కాని విషయం తెలుస్తుంది.

నిన్న భోజన్న ఒప్పుకోలేదు. అర్ర గడప మీద కూర్చుని చాలాసేపు తల గోక్కున్నాడు.

“అన్నా, గిది నాతోని కాదు. గా చిట్టి నేనిస్తె వాన్ని పదిరోజులల్ల ఇంటికి తోల్తరు. జన్మల నాతోని మాట్లాడడు.”

“మాట్లాడకపోనీ. బతికుండి మాట్లాడకపోతె చాలు నాకు.”

“మావోళ్లంత నన్ను ఏమంటరు? మన ఊరోనివై మనోని పొట్ట కొట్టినవంటరు. ఆ గదిల నేను గూడ ఉండాలె గదా.”

“ఆ గదిల నువ్వు గూడ ఉంటవు గనుకనే అడుగుతున్న. ఆ గాలి నువ్వు గూడ పీలుస్తవు.”

అతను తల ఎత్తి చూశాడు. అంతలో అవ్వ లోపలి నుంచి వచ్చి అతని ముందు కూలబడింది. ఆమెకు నేను ఏమీ చెప్పలేదు. అన్నీ విన్నది. “బిడ్డా భోజన్నా, నా కోడలు దగ్గకుంట పోయింది. నా కొడుకు దగ్గుకుంటనన్న ఇంటికి రానీ” అన్నది. భోజన్న రెండు ఉత్తరాలూ తీసుకుపోతానని ఒప్పుకున్నాడు.

నీ పని పోతుంది. దానిని తీసేసింది మేస్త్రీ కాదు, గదిలో వాళ్లు కాదు, భోజన్న కాదు. నేను. నీవు వచ్చి ఇక్కడ మాత్రలు మింగి లేచి కూర్చునేదాకా ఇల్లు గడిచే బాధ్యత నాది. తరువాత నీవు ఏమి చేయాలో కూర్చుని ఆలోచిద్దాము. ఏమీ తోచకపోవచ్చు. ఈ ఊళ్లో చాలామందికి ఏమీ తోచడం లేదు. అయినా ఇద్దరం ఉంటాము.

భోజన్న ఇప్పుడు నీ ఎదురుగా కూర్చుని ఉంటాడు. నీవు చదవడం అయ్యేదాకా లేవవద్దని అతనికి చెప్పాను. ఇంతసేపూ నీవు నోరు మూసి, ఉమ్మి మింగి, భుజాలు వదులు చేసి, అతనికి వినిపించకుండా కూర్చున్నావని నాకు ఇక్కడి నుంచే కనిపిస్తున్నది. ఇక చాలు తమ్మీ. కాగితం పక్కన పెట్టు. అతను వినేటట్టు దగ్గు.

ఇట్లు,
మీ వదిన తరఫున కూడా,
నీ అన్న
రాజనర్సు